చెరువు గట్టు మీద జార్జ్ పోర్టర్

తెల్లవారుజామున నాలుగున్నర. భీమవరం దగ్గర మా బాబాయి రొయ్యల చెరువు గట్టు. మూడు రోజులుగా ముసురు. నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు నాలుగూ తిరుగుతూనే ఉన్నాయి. బాబాయి నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ ఎంతో చెప్పే డీఓ మీటరు తీగను నీళ్ళలోకి వదిలి, టార్చి వెలుగులో అంకె చూశాడు. 2.8. తీగ బయటికి తీసి, కడిగి, తుడిచి, మళ్ళీ వదిలాడు. 2.7.

"నిన్న మధ్యాహ్నం ఎంతుంది?" అనడిగాను.

"ఐదు కూడా లేదమ్మాయ్. ఎండున్న రోజైతే ఎనిమిది, తొమ్మిది చూపిద్ది."

గట్టు వెంబడి నీళ్ళ మీదకి టార్చి తిప్పితే ఒడ్డుకి చేరిన రొయ్యల కళ్ళు ఎర్రగా మెరుస్తున్నాయి. ఊపిరాడక పైకి వస్తున్నాయవి. రొయ్యలు తేలాయంటే ఆక్వా రైతుకి ఇంట్లో మనిషికి సీరియస్ అన్నంత కబురు. కరెంటు గాని పోతే అని జనరేటర్ దగ్గర కుర్రాడు కాపలా కూర్చున్నాడు. రెండేళ్ళ క్రితం ఇలాంటి రాత్రే కరెంటు పోయి, జనరేటర్ స్టార్ట్ అయ్యేసరికి ఆలస్యమైంది. ఆ పంటలో బాబాయికి పెట్టుబడి కూడా తిరిగి రాలేదు.

అప్పుడు బాబాయి అడిగిన ప్రశ్న ఇది: "చల్లటి నీళ్ళలో ఆక్సిజన్ ఎక్కువ కరుగుద్దని మీరే చెప్తారు కదా. మరి ఎండ కాసినప్పుడు కాకుండా, ఇలా చల్లగా ముసురు పట్టినప్పుడే ఎందుకమ్మా పడిపోద్ది?"

ఎంత మంచి ప్రశ్న! ఇరవై రెండేళ్ళుగా డిగ్రీ పిల్లలకు కాంతి రసాయన శాస్త్రం చెబుతున్నాను. గ్రాథస్-డ్రేపర్ నియమం, స్టార్క్-ఐన్‌స్టీన్ నియమం, క్వాంటం దిగుబడి, జబ్లాన్‌స్కీ పటం అన్నీ నోటికొచ్చు. అయినా ఆ గట్టు మీద ఆ క్షణంలో నేను సరైన జవాబు చెప్పలేదు. "గాలి పీడనం తగ్గుతుంది కదా, అందుకేమో" అని ఏదో అన్నాను. బాబాయి తలూపి ఊరుకున్నాడు. ఇంటికొచ్చాక సిగ్గుతో నిద్ర పట్టలేదు. నేను రోజూ పాఠం చెప్పే విషయమే నాలుగెకరాల నీళ్ళలో నా కళ్ళ ముందు జరుగుతుంటే గుర్తుపట్టలేకపోయాను.

జవాబు తేలికైనదే. చెరువు నీళ్ళకు ఆ ఆకుపచ్చ రంగునిచ్చేది కంటికి విడివిడిగా కనపడని సూక్ష్మమైన నాచు, రైతులు ప్లాంక్టన్ అనేది. పగలు అది వెలుగుని మింగి, నీటి అణువుని విడగొట్టి ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి ఆ పని ఆగిపోతుంది, ఊపిరి పీల్చడం మాత్రం ఆగదు. రొయ్యలు, అడుగున మడ్డిలో బ్యాక్టీరియా, ఆ నాచు కూడా తెల్లవార్లూ ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటాయి. పగలు సంపాదన, రాత్రి ఖర్చు. ముసురులో సంపాదనే సగానికి పడిపోయింది, ఖర్చేమో తగ్గలేదు. చల్లటి నీళ్ళు ఎక్కువ ఆక్సిజన్ పట్టగలవు, నిజమే. కానీ పెద్ద గాదె ఉన్నంత మాత్రాన ధాన్యం వచ్చి పడదు కదా. పైగా మూడు రోజులు ఎండ లేకపోతే నాచు కొంత చచ్చిపోతుంది, దాన్ని కుళ్ళబెట్టడానికి మళ్ళీ ఆక్సిజనే ఖర్చు. నీళ్ళ పీహెచ్ పొద్దున తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉండటం కూడా ఇందులో భాగమే. పగలు నాచు కార్బన్ డయాక్సైడ్‌ను తీసేసుకుంటుంది కాబట్టి ఆమ్లగుణం తగ్గుతుంది, పీహెచ్ పెరుగుతుంది.

ఆ రాత్రి తర్వాతే బ్రిటిష్ రసాయన శాస్త్రవేత్త జార్జ్ పోర్టర్ జీవితాన్ని నేను మళ్ళీ కొత్తగా చదివాను. నా పాఠంలో ఆయన ఒక్క లైనే: "ఫ్లాష్ ఫొటాలిసిస్, 1967 నోబెల్, నోరిష్, ఐగెన్‌లతో కలిసి." రెండు మార్కుల ప్రశ్న. ఆ లైను వెనక ఉన్న మనిషి గురించి ఇంత రాయాలని ఎందుకనిపించిందో చెప్పడమే ఈ వ్యాసం.

ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ ప్రాంతంలో స్టెయిన్‌ఫోర్త్ అనే ఊళ్ళో 1920లో పుట్టాడు. తండ్రి ఇళ్ళు కట్టే మేస్త్రీ, చర్చిలో ప్రసంగాలూ చేసేవాడు. కొడుకు ఇంట్లో చేసే రసాయన ప్రయోగాలు భరించలేక ఒక పాత బస్సు కొనిచ్చి, అందులో చేసుకోమన్నాడట. లీడ్స్‌లో చదువు, తర్వాత యుద్ధం, నౌకాదళంలో రాడార్ ఆఫీసరు ఉద్యోగం. రాడార్ పనేమిటంటే, ఒక తరంగాన్ని ఠక్కున ఒక్క తుంపుగా పంపి, అది దేనికో తగిలి వెనక్కి రావడానికి పట్టిన కాలాన్ని కొలవడం. యుద్ధం అయిపోయి కేంబ్రిడ్జిలో నోరిష్ దగ్గర పరిశోధనకు చేరినప్పుడు ఆయన బుర్రలో ఉన్నది ఆ తుంపే.

అక్కడ సమస్య ఏమిటంటే, వెలుగు తగిలి అణువులు విరిగినప్పుడు పుట్టే ముక్కలు, అంటే స్వేచ్ఛా రాడికల్స్, పుట్టిన మరుక్షణం దేనితోనో కలిసిపోతాయి. చూద్దామంటే ఉండవు. సైన్యం వాడే సెర్చ్‌లైటు తెచ్చి వెలిగించినా లాభం లేకపోయింది. ఆ వెలుగు ఎంత బలమైనదైనా అది నిలకడగా వెలిగేది. ముక్కలు పుడుతూ, చస్తూ ఉంటాయి, ఏ క్షణం చూసినా గుప్పెడే మిగులుతాయి. 1947లో ఒక పాదరసపు దీపం తెచ్చుకోవడానికి ప్రెస్టన్‌లోని దీపాల ఫ్యాక్టరీకి వెళ్ళినప్పుడు అక్కడ ఫ్లాష్ దీపాలు తయారవుతుండటం చూశాడు పోర్టర్. దారి దొరికింది.

ఆ దారి మన డెల్టాలో పుట్టిన ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. తుఫాను రాత్రి చెరువు దగ్గర ఉన్నారనుకోండి. ఏరేటర్ రెక్కలు గిర్రున తిరుగుతుంటాయి, రెక్క రెక్కగా కనపడదు, తెల్లటి నురగ చక్రమే కనపడుతుంది. అంతలో మెరుపు మెరుస్తుంది. ఆ ఒక్క వెలుగులో రెక్కలు ఆగిపోయినట్టు, నీటి చుక్కలు గాల్లో వేలాడుతున్నట్టు విడివిడిగా కనపడతాయి. రెక్క ఆగలేదు. మెరుపు ఎంత తక్కువసేపు ఉందంటే, ఆ కాసేపట్లో రెక్క కదలడానికి టైము చాలలేదు.

పోర్టర్ చేసింది రెండు మెరుపులు. కెపాసిటర్ల గుంపులో కరెంటు నింపి, సెకనులో వెయ్యో వంతుపాటు కళ్ళు చెదిరే ఫ్లాష్ ఒకటి. అది గొట్టంలోని వాయువు అణువుల్ని ఒక్కసారిగా విరగ్గొడుతుంది. గుప్పెడు ముక్కలు కాదు, రాశులు. ఆ వెంటనే, ముందే నిర్ణయించిన కాలం గడిచాక, రెండో చిన్న ఫ్లాష్. దాని వెలుగు ఆ ముక్కల గుండా పోయి వాటి వర్ణపటాన్ని ఫొటో ప్లేటు మీద గీస్తుంది. ఎవరెవరున్నారో ఆ గీతలు చెబుతాయి. రెండు ఫ్లాషుల మధ్య కాలాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ పోతే, ఒక రసాయన చర్య పుట్టుక నుంచి చావు దాకా సినిమా రీలులా కనపడుతుంది. అలా మొదట్లోనే చూసిన ముక్కల్లో క్లోరిన్ మోనాక్సైడ్ ఒకటి. 1950 ప్రాంతంలో దానివల్ల ఎవరికీ పైసా లాభం లేదు. 1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పొర చిల్లుపడిన సంగతి బయటపడ్డాక, ఆ చిల్లు పెడుతున్న దొంగల్లో ముఖ్యమైనది ఆ ముక్కేనని తేలింది. పరిశోధనలు రెండే రకాలనీ, ఉపయోగంలోకి వచ్చినవీ ఇంకా రానివీ అనీ పోర్టర్ అన్నట్టు చెప్పుకునే మాట ఊరికే పుట్టలేదు.

ఈ మధ్యలో ఒక ఏడాదిపాటు ఆయన రేయాన్ బట్టల పరిశోధన సంస్థలో పనిచేశాడు. ఎండకి బట్ట రంగు ఎందుకు వెలుస్తుంది, అద్దకం వేసిన నూలు ఎందుకు చివుకుతుంది అన్నది అక్కడి పని. బండారులంక నేత చీర కొన్నప్పుడు షాపు ఆయన "నీడన ఆరెయ్యండమ్మా" అని చెప్పి పంపుతాడు. అదే విషయం. వెలుగు మింగిన రంగు అణువు మెలకువొచ్చిన మనిషిలా తయారవుతుంది, పక్కనున్న ఆక్సిజన్‌నో నూలునో గిల్లుతుంది. ("ఉత్తేజిత స్థితి" అని పాఠంలో రాయిస్తాం. మెలకువలోకొచ్చిన అణువు అని చెప్పినప్పుడు పిల్లల మొహాల్లో తేడా నాకు బాగా తెలుస్తుంది.)

మిల్లీసెకను దగ్గర మొదలైన పోర్టర్ అక్కడే ఆగలేదు. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షలవ వంతు, అది అందుకున్నాడు. 1960లలో లేజర్లు వచ్చాక నానోసెకను, అంటే వంద కోట్లలో ఒక వంతు. అంత చిన్న కాలాన్ని కొలిచే గడియారం ఎక్కడిది? ఆయన వాడిన ఉపాయం వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. ఒకే లేజర్ మెరుపుని రెండు పాయలు చేశాడు. ఒక పాయ నేరుగా వెళ్ళి అణువుల్ని తాకుతుంది. రెండో పాయని అద్దం దాకా పంపి, తిప్పి, చుట్టుదారిలో తెప్పిస్తాడు. నానోసెకనులో వెలుగు నడిచే దూరం 30 సెంటీమీటర్లు, మన బడిపిల్లల స్కేలు పొడవు. అద్దాన్ని కాస్త వెనక్కి జరిపితే చాలు, రెండో పాయ ఆలస్యం పెరుగుతుంది. కాలాన్ని స్కేలు పెట్టి కొలిచాడన్నమాట. ఆ తర్వాత పికోసెకను, లక్ష కోట్లలో ఒక వంతు. వెలుగు అంతసేపట్లో మిల్లీమీటరులో మూడో వంతు కూడా నడవదు. ఆ వేగంలో ఆయన చూడాలనుకున్నది పత్రహరితాన్ని. ఆకులో వెలుగు పడ్డాక మొదటి క్షణాల్లో ఏం జరుగుతుంది, ఆ శక్తి ఒక అణువు నుంచి పక్క అణువుకి ఎలా చేతులు మారుతుంది అన్నది ఆయన పెద్ద వయసు దాకా వదలని ప్రశ్న. మా బాబాయి చెరువులో ముసురు రోజున తగ్గిపోయింది సరిగ్గా ఆ పనే.

ఇంతవరకు ఇది మంచి పరిశోధకుడి కథ. ఇలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు. పోర్టర్‌ని నేను పట్టుకుని వేలాడటానికి కారణం వేరే.

1966లో ఆయన లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌కు డైరెక్టరుగా వెళ్ళాడు. 1799లో పెట్టిన సంస్థ అది. మైకేల్ ఫారడే పనిచేసిన చోటు. 1825లో అక్కడ క్రిస్మస్ ఉపన్యాసాలు మొదలయ్యాయి. పండగ సెలవుల్లో పిల్లల్ని కూర్చోబెట్టి ప్రయోగాలు చేసి చూపిస్తూ సైన్సు చెప్పడం. ఫారడే ఒక్క కొవ్వొత్తిని పట్టుకుని ఉపన్యాసాల వరసే చెప్పాడు. ఉపన్యాసాల హాలు, పరిశోధన చేసే ల్యాబు, డైరెక్టరు కాపురం, అన్నీ ఆ ఒక్క కప్పు కిందే. పోర్టర్ 19 ఏళ్ళు, 1985 దాకా అక్కడున్నాడు. చేరిన మరుసటి ఏడాది నోబెల్ వచ్చింది. అప్పటికే బీబీసీ టీవీలో పాఠాలు చెప్పిన మనిషి, నోబెల్ వచ్చాక కూడా అవి మానలేదు. 1969 క్రిస్మస్‌కి కాలాన్ని కొలవడం గురించి, 1976 క్రిస్మస్‌కి ఒక సూర్యకిరణం కథ గురించి పిల్లలకు చెప్పాడు. బడిపిల్లల సైన్సు పోటీలకు టీవీలో ఏళ్ళ తరబడి జడ్జిగా కూర్చున్నాడు. సైన్సుని జనంలోకి తీసుకెళ్ళినవాళ్ళకి యునెస్కో ఇచ్చే కళింగ బహుమతి 1976లో ఆయనకు అందింది. ఆ బహుమతికి నిధి పెట్టింది మన పొరుగున ఒడిశాకు చెందిన బిజూ పట్నాయక్. తర్వాత 1997లో అదే బహుమతి హైదరాబాద్‌లో పనిచేసే శాస్త్రవేత్త డి. బాలసుబ్రమణియన్‌కు కూడా వచ్చింది. పోర్టర్ 1985 నుంచి 1990 దాకా బ్రిటన్ శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి అధ్యక్షుడు. ఆ పదవుల జాబితా అంతా నాకు ముఖ్యం కాదు, వదిలేస్తాను.

నాకు ముఖ్యమైనది ఒకటుంది. మా వృత్తిలో ఒక మాట తరచూ వినపడుతుంది. నాకంటే సీనియర్ ఒకరు నా మొహం మీదే అన్నారు: "పరిశోధన చెయ్యలేనివాళ్ళు చేసే పనమ్మా అది, జనానికి చెప్పడం. చేసేవాళ్ళకి టైమెక్కడిది?" ఈ మాటని నేను నమ్మాను. చాలా ఏళ్ళు నమ్మాను. పల్లెల్లో మూఢనమ్మకాల మీద, సైన్సు మీద కార్యక్రమాలు చేసే జనవిజ్ఞాన వేదిక వాళ్ళు పిలిచినప్పుడు కూడా "నాకు వేల్యుయేషన్ ఉందండి" అని తప్పించుకున్న రోజులున్నాయి.

ఆ మాట తప్పని పోర్టర్ జీవితమే సాక్ష్యం. రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలకు ఉపన్యాసాలిచ్చిన ఆ ఏళ్ళలోనే, అదే భవనంలో నానోసెకను పనీ జరిగింది, పికోసెకను పనీ జరిగింది. అక్కడ ఆయన టైముని రెండు ముక్కలుగా పంచుకున్నాడని చాలామంది అనుకుంటారు. నాకలా అనిపించదు. ఆయన జీవితమంతా చేసింది ఒక్కటే పని, కంటికి ఆననిదాన్ని కంటి ముందు నిలబెట్టడం. ల్యాబులో దానికి రెండు ఫ్లాషులు కావాలి. హాల్లో ఒక గాజు గొట్టం, ఒక దీపం, ఎదురుగా పన్నెండేళ్ళ పిల్ల కావాలి. ఏది చూపించాలి, ఎప్పుడు చూపించాలి, ఎంతసేపు చూపించాలి అన్న లెక్క రెండు చోట్లా ఒకటే. ఎవరికీ చూపించాలనే ఆత్రం లేని మనిషికి ఫ్లాష్ ఫొటాలిసిస్ తట్టేది కాదని నా గట్టి నమ్మకం.

అలాగని ఆ దేశంలో జరిగినదంతా ఒప్పేనని నేననను. 1985లో రాయల్ సొసైటీ, రాయల్ ఇన్‌స్టిట్యూషన్, బ్రిటిష్ అసోసియేషన్ కలిసి ప్రజలకు సైన్సు అర్థమయ్యేలా చేయడానికి ఒక కమిటీ వేశాయి. దాని మీద తర్వాత గట్టి విమర్శ వచ్చింది. జనం ఖాళీ కుండలనీ, పైనుంచి జ్ఞానం పోస్తే నిండుతాయనీ అనుకుంటున్నారని. 2000లో బ్రిటన్ పార్లమెంటులోని ప్రభువుల సభ నివేదిక కూడా, ఒకవైపు నుంచి చెప్పడం చాలదు, ఇరువైపులా మాట్లాడుకోవాలి అంది. 2002లో ఆ కమిటీ మూతపడింది. ఆ విమర్శ సరైనదే, చెరువు గట్టు మీద నాకది అనుభవం. నీళ్ళ రంగు చూసి, "ఇది తేనె రంగులోకి తిరుగుతోంది, రేపటికి నాచు పడిపోద్ది" అని మా బాబాయి చెప్పగలడు. మేత వేసే చెక్‌ట్రే పైకి లాగి, మిగిలిన గుళికలు చేత్తో నలిపి, రొయ్య ఆకలి చెప్పగలడు. ఆయన ఖాళీ కుండ కాదు. నన్నడిగిన ప్రశ్నలోనే సగం కెమిస్ట్రీ ఉంది. ఆయనకు లేనిదల్లా, నీటి అడుగున కనపడకుండా జరుగుతున్నదాన్ని కళ్ళ ముందు పెట్టి చూపించే మనిషి. చూపిస్తే మిగతాది ఆయనే అల్లుకోగలడు.

మరి మేమెందుకు చూపించలేకపోతున్నాం? మాకే ఎవరూ చూపించలేదు కాబట్టి. నేను ఇంటర్ చదివిన రోజుల్లో మా ప్రాక్టికల్స్ అంటే రికార్డు పుస్తకం. సీనియర్ల రికార్డు తెచ్చుకుని, నీలం సిరాతో, అంచులు గీసి, బ్యూరెట్ రీడింగులతో సహా ఎక్కించేవాళ్ళం. సాల్ట్ అనాలిసిస్ పరీక్ష ముందురోజు ఏ నంబరు సీసాలో ఏ లవణం ఉందో చీటీ మీద అందింది. నాకు వచ్చింది కాపర్ సల్ఫేటు. నీలంగా ఉంది, చీటీ లేకపోయినా చెప్పేదాన్ని. ఆ నీలం ఎందుకు నీలమో, ఏ వెలుగుని మింగి ఏ వెలుగుని వదిలేస్తే అలా కనపడుతుందో ఆ రెండేళ్ళలో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఫుల్ మార్కులు వచ్చాయి. అప్పుడు సంతోషపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తుంది, ఎందుకంటే ఆ నష్టాన్ని నా విద్యార్థులకు కూడా కొంత అందించాను.

ఈ డెల్టా సైన్సుకి పరాయిది కాదు. 1852లో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తవడంతోనే గదా ఈ పచ్చదనమంతా. కాటన్ దొర విగ్రహం లేని ఊరు తక్కువ. నీళ్ళు తెచ్చినవాణ్ని మనం మరిచిపోలేదు. కానీ భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గురించి భీమవరం పిల్లల్నే అడిగి చూడండి. పేరు చెబుతారు, ఏం చేశాడంటే "మందులు కనిపెట్టాడు" అంటారు. ఆయన హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1929లో ఏటీపీ అణువుని వేరుచేశాడు. జర్మనీలో లోమాన్ కూడా అదే ఏడాది చేశాడు. ఆకులోనైనా చెరువు నాచులోనైనా వెలుగు ముందుగా మారేది అలాంటి అణువుల్లోకే. ఎండని ప్రాణం ఖర్చు పెట్టుకోగలిగిన చిల్లర నాణెంగా మార్చి ఇచ్చేది అది. పోర్టర్ వెతికిన దారికి ఒక చివర భీమవరం అబ్బాయి ఉన్నాడు! సుబ్బారావు ప్రచారానికి ఆమడ దూరం ఉన్న మనిషి, అది ఆయన స్వభావం. ఆయన చేసిన పనిని ఆయన ఊళ్ళో చూపించాల్సింది మనం. చూపించలేదు.

అందుకే నా వాదన ఇది. ఫారడే క్రిస్మస్‌ని ఎంచుకున్నాడు, పిల్లలకు సెలవులు కాబట్టి. మనకు సంక్రాంతి ఉంది. ఆ నాలుగు రోజులు హైదరాబాద్, బెంగళూరు, చెన్నై ఖాళీ అయి గోదావరి జిల్లాలు నిండుతాయి. రైళ్ళలో, బస్సుల్లో వచ్చేవాళ్ళలో సాఫ్ట్‌వేర్ వాళ్ళే కాదు, ల్యాబుల్లో పనిచేసేవాళ్ళూ ఉంటారు. పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయిలుంటారు, కంపెనీల్లో మందుల అణువులు కట్టే అబ్బాయిలుంటారు. అమెరికా నుంచి వచ్చినవాళ్ళుంటారు. పందేల బరి దగ్గరికి, పేకాట దగ్గరికి, చుట్టాల ఇళ్ళకి వాళ్ళకి టైముంది. అందులో ఒక సాయంత్రం, ఒక్క గంట, పుట్టిన ఊళ్ళో రామాలయం అరుగు మీద నిలబడి తమ పనిలో ఒక చిన్న ముక్కని చేసి చూపించమంటున్నాను. స్లైడ్లు వద్దు. సన్మానం వద్దు, శాలువా వద్దు, ఎమ్మెల్యే గారి రాక కోసం ఎదురుచూపులు వద్దు. చేతిలో ఒక వస్తువు, దానికి ఏదో జరగడం, పిల్లలు అడగడం. పరిశోధన చేసే చేతులే ఆ పని చెయ్యాలని పట్టుపడుతున్నాను. ఎందుకంటే "నాకు తెలీదు, కానీ ఇలా చేస్తే తెలుస్తుంది" అన్న మాట ల్యాబులో రోజూ అనేవాళ్ళ నోటి నుంచే సహజంగా వస్తుంది. నాలాంటి పాఠాలు చెప్పేవాళ్ళం ఆ మాట అనడం మరిచిపోయాం. దానికి బాబాయికి నేను చెప్పిన గాలి పీడనం జవాబే రుజువు.

పోయిన సంక్రాంతికి నేనే మొదలుపెట్టాను. నాది ల్యాబు పరిశోధన కాదు, అయినా ఎవరో ఒకరు మొదలుపెట్టాలి కదా. కనుమ నాడు మధ్యాహ్నం మూడింటికి, మా బాబాయి వాళ్ళ ఊళ్ళో, అరుగు మీద ఎండ పడే చోట. కాలవలోంచి తెచ్చిన నాచు కొమ్మ ఒకటి, పొడుగు గాజు సీసా, చిటికెడు వంటసోడా కలిపిన నీళ్ళు. కొమ్మ తెగిన చివర పైకి ఉండేలా ముంచి పెట్టాను. ఒక నిమిషం ఏమీ లేదు. ముప్పై మంది పిల్లలు, పది మంది పెద్దలు, నాకు చెమటలు. అప్పుడు తెగిన చోటు నుంచి ఒక బుడగ. ఆవగింజంత. అది వదిలి పైకి పోగానే ఇంకొకటి. ఆ తర్వాత దారానికి గుచ్చిన ముత్యాల్లా వరసగా.

"లెక్కపెట్టండి" అన్నాను. ముప్పై మందీ గట్టిగా లెక్కపెట్టారు. నిమిషానికి 34. గొడుగు పట్టాను. 30, 21, తర్వాత 9. గొడుగు తీశాను, మళ్ళీ ఎక్కింది. ఆకుపచ్చ జెలటిన్ కాగితం సీసాకి చుట్టాను, బుడగలు తగ్గాయి. ఎరుపు చుట్టాను, పచ్చ కాగితంతో కంటే బాగా వచ్చాయి. మింగిన వెలుగే పని చేస్తుంది, మింగని వెలుగు చెయ్యదు. గ్రాథస్-డ్రేపర్ నియమం అనే పేరు నేను ఎత్తలేదు. నాచు ఆకుపచ్చగా ఎందుకు కనపడుతుందో ఎనిమిదో తరగతి పిల్ల చెప్పేసింది: "దానికి ఆ రంగు అక్కర్లేదు కాబట్టి వదిలేస్తోంది టీచర్." మా బాబాయి వెనక స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. గొడుగు పట్టినప్పుడు ఆయన మొహం చూశాను. "ముసురు," అన్నాడు పక్కాయనతో, మెల్లగా. "ఆయ్" అన్నాడు ఆయన.

అప్పుడు లేచాడు జనరేటర్ దగ్గర కాపలా కూర్చునే కుర్రాడు. పదో తరగతి మధ్యలో మానేశాడు. "మేడమ్, మరైతే రాత్రి చెరువు మీద లైట్లు పెడితే నాచు ఆక్సిజన్ ఇస్తుంది కదండీ? అప్పుడు ఏరేటర్లు ఎందుకు?"

ఎవరో నవ్వారు. నేను నవ్వొద్దన్నాను, ఎందుకంటే అది నవ్వే ప్రశ్న కాదు. సుద్దముక్క తీసుకుని అరుగు మీదే రాశాం. నడినెత్తిన ఎండ కాసేటప్పుడు చదరపు మీటరు మీద సుమారు 1000 వాట్లు పడతాయి. ఎకరం అంటే 4047 చదరపు మీటర్లు. గుణించమన్నాను. మా బాబాయి ముందుకొచ్చి గుణించాడు: నలభై లక్షల పైచిలుకు వాట్లు, అంటే 4000 కిలోవాట్లు. రెండు హార్స్‌పవర్ ఏరేటర్ మోటారు తినేది ఒకటిన్నర కిలోవాటు. ఎండలో పదో వంతు వెలుగు రాత్రిపూట లైట్లతో ఇవ్వాలన్నా ఎకరానికి 400 కిలోవాట్లు కావాలి. లైటు కాల్చే కరెంటంతా వెలుగుగా మారదు కాబట్టి ఇంకా ఎక్కువే.

బాబాయి ఆ అంకె దగ్గరే ఆగిపోయాడు. "నాలుగు వేలా? ఊరికే పడుతోందా అమ్మాయ్, ఎకరం మీద?"

పడుతోంది, ఊరికే. సూర్యకిరణాలు యుద్ధంలో ఆయుధాలై ఉంటే ఎన్నో శతాబ్దాల కిందటే సౌరశక్తిని వాడుకునేవాళ్ళమని పోర్టర్ అన్న మాట 1973లో పత్రికలో వచ్చింది. ఆ మాట వాళ్ళకి చెప్పాను. ఆకు చేసే పనిని మనిషి చేత్తో చెయ్యగలగడం, ఎండతో నీటిని విడగొట్టి ఇంధనం తీయడం ఆయన కల అని కూడా చెప్పాను. కుర్రాడు సుద్దముక్క ఇంకా నా చేతికి ఇవ్వలేదు.

"ఆ నాలుగు వేలలో నాచు తినేది ఎంతండీ?"

చెరువులోనైనా చేలోనైనా మామూలుగా వందలో ఒకటో రెండో పాళ్ళు, అన్నాను.

"మరి మిగతాదంతా ఎటు పోద్ది మేడమ్?"

ఎండ దిగిపోతోంది. సీసాలో బుడగలు పలచబడుతున్నాయి. కొంత నీళ్ళని వేడి చేస్తుంది, కొంత తిరిగి వెళ్ళిపోతుంది, కొంత పచ్చరంగై మన కళ్ళలోకి వస్తుంది అని చెప్పి, మెలకువొచ్చిన అణువు ఆ మెలకువని ఎన్ని రకాలుగా పోగొట్టుకుంటుందో చెప్పడానికి ఇంకో ప్రయోగం కావాలన్నాను. దానికి చీకటి కావాలి, ఒక వయొలెట్ టార్చి, పాలకూర రసం కావాలి. పచ్చటి రసం ఆ వెలుగులో ఎర్రగా మెరుస్తుంది. వచ్చే భోగి నాడు మంట ఆరిపోయాక చేద్దామని ఆ కుర్రాడే టైము పెట్టాడు. పాలకూర వాళ్ళమ్మ పెరట్లో ఉందట.